ఎమ్మిగనూరులో రెండేళ్లుగా ఆపని కంప్యూటరు

ముందే చెప్పేస్తున్నాను, నేను వెళ్లిన పని కాలేదు. ఒక పాత కంప్యూటరు కొనుక్కొద్దామని వెళ్లి, దానికి బదులు ఇంకోటి పట్టుకొచ్చాను. మా ఆయన గుమ్మంలోనే అట్టపెట్టె చూసి, "మళ్లీ ఇంకోటా" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో కొత్తది కాదు.

విజయవాడలో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో పాటల శబ్దం సరిచేసే ఉద్యోగం నాది. పదేళ్లుగా పాత కంప్యూటర్లు పోగేస్తున్నాను. టీవీకి తగిలించి, మామూలు పాటల క్యాసెట్టు మీంచి ఆటలు ఎక్కించుకునేవాళ్లం చూడండి, ఆ కాలం సరుకు. కీబోర్డే కంప్యూటరు. వాటి లోపలి శబ్దపు చిప్పుతో బాణీలు కట్టుకోవచ్చు. ఇప్పటి యంత్రాల్లో ఎంత డబ్బు పోసినా ఆ గరగర రాదు. ఆదివారాలు మా వీధి పిల్లలు ఆటలాడటానికి వస్తారు, వాళ్లకంటే ముందు వాళ్ల నాన్నలు వస్తారు. మొత్తం ఇరవై మూడు ఉన్నాయి, తొమ్మిది పనిచేస్తాయి.

ఎవరో ఫోనులో పంపిన ఎమ్మిగనూరు పెళ్లి వీడియో ఒకటి ఈ ప్రయాణానికి కారణం. అందులో ఒక పెద్దాయన పాడుతున్నాడు. ఆయన పక్కన బల్ల మీద, అట్టముక్క కింద నుంచి ఒక నల్ల కీబోర్డు మూల కనిపించింది. మూడు గొంతులు ఒకేసారి పలికే చిప్పున్న రకం. నాలుగేళ్లుగా వెతుకుతున్నాను దానికోసం. మా ఆయన కొత్త చొక్కా వేసుకుంటే గుర్తుపట్టను గానీ, ఆ మూల చూసి గుర్తుపట్టాను. అదే వారం ఆదోనిలో ఒక సారు తన పాత కంప్యూటరు ఇచ్చేస్తానని కబురు చేశారు. రెండూ కలిసొచ్చాయని బయల్దేరాను.

ఆదోని

ఆదోనిలో దిగగానే టీ కొట్టాయన "మంత్రాలయానికా అమ్మా?" అని అడిగాడు. ఆటో అతనూ అదే అడిగాడు, లాడ్జి గుమాస్తా అయితే అడగకుండానే బస్సు టైము చెప్పాడు. ఒంటరిగా సంచి పట్టుకుని దిగిన ఆడమనిషి స్వామి దర్శనానికి కాకపోతే దేనికొస్తుంది? పాత కంప్యూటరు కోసం అని ఒకసారి నిజం చెప్పి చూశాను. గుమాస్తా నన్ను పైకీ కిందకీ చూసి, వేడినీళ్లు పొద్దున ఏడు దాకే వస్తాయని చెప్పాడు.

టిఫినుకి ఉగ్గాని. బొరుగులు, అంటే మా మరమరాలు, నీళ్లలో తడిపి పిండి పోపు వేస్తారు. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు, ముప్పై అయిదు రూపాయలు. గుంటూరు కారం తిన్న నోరు గదా, నాకేంటి అని ఒక బజ్జీ అమాంతం కొరికాను. అహంకారం దిగడానికి మూడు గ్లాసుల నీళ్లు పట్టాయి. కొట్టామె నవ్వకుండా ఇంకో చెంచా పుట్నాలపొడి చల్లి, "దీంతో తినల్ల" అంది.

పత్తి సీజను. లారీలు, బండ్లు, పత్తి కుక్కిన బోరెలు, రోడ్డు పక్కన తుమ్మచెట్లకు కూడా దూది అంటుకుని ఉంది. గురురాజు సారు ఇంటికి చేరేసరికి నా జడకీ అంటుకుంది. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. తమ్ముళ్లంతా మంత్రాలయంలో అర్చకత్వం, ఈయనొక్కరే బడికి పోయారట. కంప్యూటరును పట్టుగుడ్డలో చుట్టి దేవుడి గది అలమరలో ఉంచారు. విప్పి చూస్తే మీటల మీద అక్షరాలే కనపడలేదు. గంధం మీద కుంకం, కుంకం మీద గంధం, ఎన్నేళ్లదో. ఆయుధపూజ నాడు ఇంట్లో కత్తిపీట నుంచి స్కూటరు దాకా అన్నిటికీ బొట్టు పెడతారు, దీనికీ పెట్టారు. అంతవరకూ మా వైపూ అంతే. సారు ఇంకో అడుగు ముందుకేసి దాని ముందు కొబ్బరికాయ కొట్టి, ఏటేటా ఆ నీళ్లు దాని మీద చిలకరించారు.

స్క్రూలు విప్పాను. కొబ్బరినీళ్లు మీటల కింద పాకం పట్టి ఉన్నాయి. అందులో చీమలు కాపురం చేసి ఖాళీ చేసి వెళ్లిన గుర్తులు కూడా ఉన్నాయి. నీళ్లు లోపలికి పోయాయి సారూ అంటే, ఆయన ఏమాత్రం చలించలేదు.

"దేవునికి పెట్టింది లోపలికే పోవల్ల గదమ్మా" అన్నారు.

డబ్బు ముట్టలేదు. ఏటా ఆయుధపూజకు బొట్టు పెట్టాలని మాత్రం మాట తీసుకున్నారు. బొట్టు పెడతానన్నాను, కొబ్బరికాయ సంగతి మాట్లాడలేదు. జొన్నరొట్టె, వేరుశనగ కారం, గడ్డపెరుగు పెట్టి పంపారు. ఆ రొట్టె నాకు చుట్టడం రాక విరిగితే ఆయన భార్య ముక్కలు చేసి పెరుగులో కలిపి ఇచ్చింది, చిన్నపిల్లకి ఇచ్చినట్టు.

ఎమ్మిగనూరు, మొదటి రోజు

మర్నాడు బస్సులో నాకు టికెట్టు లేదు, ఆడవాళ్లకు ఉచితం. గురురాజు సారు కంప్యూటరుకు మాత్రం కండక్టరు లగేజీ టికెట్టు కొట్టాడు. దానికి ఆధార్ కార్డు లేదు కదా అన్నాడు.

ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. సందుల్లో నడుస్తుంటే రెండు మూడు ఇళ్లకొకసారి మగ్గం చప్పుడు వినపడుతుంది. ఇదివరకు ప్రతి ఇంట్లోనూ వినపడేదట. వీడియోలోని పెద్దాయన పేరు దానియేలు, టీవీ మెకానిక్. దానేలు అంగడి ఏదంటే ఎవరైనా చూపిస్తారు. అరవై దాటిన సన్నటి మనిషి, మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటాడు. అంగడి నిండా పొట్ట విప్పిన టీవీలు. పక్క గోడకు ఆనుకునే రేకుల ప్రార్థన మందిరం, వీడియోలోని పెళ్లి జరిగింది అందులోనే. నేను కోరిన యంత్రం మందిరంలో, పాటల పుస్తకాల పక్కన, చిన్న బల్ల మీద ఉంది.

దాన్ని చూసి ముందు ఆనందం, వెంటనే అనుమానం. అట్టముక్క కీబోర్డంతా కప్పేసి ఉంది, రెండే రెండు చిల్లులు, వాటిలోంచి రెండు మీటలు. ఒకటి తాళం మొదలుపెట్టడానికి, ఒకటి ఆపడానికి. కింద ఆటో బ్యాటరీ, దానికి చార్జరు. ఎదురుగా టేబుల్ ఫ్యాను, గాలి మనుషులకు కాకుండా కంప్యూటరుకు తగిలేటట్టు. కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది గనక బల్ల కొక్కేనికి విసనకర్ర కూడా వేలాడుతోంది.

ఎంతకిస్తారన్నగారూ అని అడిగాను. నాకు నసగడం రాదు.

"అమ్మేదానికి గాదమ్మా" అన్నాడు. "దాన్ని ఆపేదానికే లేదు."

తర్వాత ఆయన చెప్పింది నా మాటల్లో రాస్తాను, ఎందుకంటే చెప్పడానికి ఆయన గంటన్నర తీసుకున్నాడు. దానియేలు మొదట ఆదోనిలో పత్తి మిల్లులో కూలీ. భార్య సుగుణమ్మ అక్కడే ఒక కంప్యూటరు నేర్పేచోట ఊడ్చే పని చేసేది. ఊడుస్తూ ఊడుస్తూ చూసి నేర్చేసుకుంది, ఏడో తరగతి ఇంగ్లీషుతో. మిల్లు మానేసి ఇద్దరూ ఎమ్మిగనూరు వచ్చి అంగడి పెట్టారు. ఆయన టీవీలు బాగుచేసేవాడు, ఆమె ఈ యంత్రం మీద పిల్లలకు గంటకింతని ఆటలాడించేది. ఆటల కాలం పోయాక దాన్ని మందిరానికి తెచ్చింది. మందిరంలో పాడేవాళ్లున్నారు గానీ వాయించేవాళ్లు లేరు. తను పత్తి చేలల్లో, చెక్కభజనల్లో విన్న నడకను మీట మీద వేలితో కొట్టి, అది యంత్రం గుర్తుపెట్టుకునేటట్టు ప్రోగ్రాము రాసింది. ఆదివారం ఆదివారం క్యాసెట్టు పెట్టి దాన్ని ఎక్కించడం, పాటలు కాగానే ఆపేయడం. ఆ పని ఆమెదే. ఆయన చెయ్యి పెట్టేవాడు కాదు.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం మందిరంలోనే ఆమెకు బాగాలేక పడిపోయింది. ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. యంత్రం ఆ రోజు వేసింది వేసినట్టే ఉండిపోయింది. ఆమె సంస్మరణకు పెట్టిన జ్ఞాపక కూటం నాడు ఆ తాళం మీదే అందరూ పాడారు. ఆ పాటలు పట్టి ఉంచుకుందామని ఈయన ఖాళీ క్యాసెట్టు వెతికాడు. సుగుణమ్మ పెట్టెలో ఒకటి దొరికింది, మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఏమీ లేవు. వేసి వింటే కీచుమని ఒకటే గోల. పాడైపోయిన క్యాసెట్టనుకుని, దాని మీదే ఆమె జ్ఞాపక కూటం పాటలు రికార్డు చేశాడు.

ఆ కీచుగోలే ప్రోగ్రాము. తీగ గుచ్చి ఎక్కించేటప్పుడు క్యాసెట్టు డెక్కు శబ్దం బయటికి రాదు, కాబట్టి అన్నేళ్లలో ఆయన ఒక్కసారి కూడా దాన్ని వినలేదు. వారం తర్వాత ఆమె నోటుబుక్కు ఎవరిచేతో చదివిస్తే సంగతి తెలిసింది. అప్పటికి సుగుణమ్మ తాళం మిగిలింది యంత్రం జ్ఞాపకంలో మాత్రమే. కరెంటు తీస్తే అది పోతుంది. అప్పటిదాకా కరెంటు పోకపోవడమే అదృష్టం. ఆ రోజు యంత్రం ఆపకుండానే బ్యాటరీ తెచ్చి పెట్టాడు, తప్పు మీట ఎవరూ నొక్కకుండా అట్ట కప్పాడు.

"నా సేతులతోనే తుడిపేసినానమ్మా" అన్నాడు. అది మాత్రం గంటన్నరలో ఒక్కసారే అన్నాడు.

తాళం వినిపించమన్నాను. చిల్లులోంచి మీట నొక్కాడు. ఏం నడకండీ అది! గరగరలాడుతూ, కాళ్లు ఊరుకోనివ్వకుండా. కానీ మూడో చరణం చివర ఒకచోట తడబడి ఆగి, మళ్లీ అందుకుంటోంది. పాత యంత్రం కదా, లెక్క అందక ఆగుతోందని నా వృత్తిబుద్ధి చెప్పింది. ఆ లోపం సరిచేసిపెడతానని కూడా అన్నాను. వద్దన్నాడు. ఆడ అట్లనే పోతుంది, పాడేదానికి బాగుంటుంది అన్నాడు.

యంత్రం కొనాలన్న ఆశ పూర్తిగా చచ్చిందని చెప్పను. క్యాసెట్టుకి మళ్లీ ఎక్కించిపెడితే తర్వాతైనా అమ్ముతాడేమోనని ఒక మూల ఉంది. రేపు పొద్దున ప్రయత్నిద్దామా, ఎక్కించే ఆజ్ఞ నాకు తెలుసు అన్నాను. పోతే? అని అడిగాడు. పోయే అవకాశం ఉందని నిజమే చెప్పాను. బ్యాటరీ కూడా ఎన్నాళ్లో ఉండదని, ఆ చిప్పులు వేడికి ఎప్పుడో ఒకప్పుడు పోతాయని కూడా చెప్పాను. ఆయన మెకానిక్కు, అది ఆయనకు నేను చెప్పాలా.

కంప్యూటరును టేప్ రికార్డరుకు కలపడానికి బజారులో తీగ కొన్నాను, అరవై రూపాయలు. ఆ ఊళ్లో దిగిన లాడ్జికి పోయి చూస్తే రెండు చెవుల్లో ఒకటే పలుకుతోంది. తిరిగి పోతే అంగడివాడు "రెండు సెవులెందుకక్కా, పాటేగదా" అని వాదించి, చివరికి మార్చి ఇచ్చాడు.

ఎమ్మిగనూరు, రెండో రోజు

పొద్దున వెళ్లేసరికి దానియేలు ఒక పాత టేప్ రికార్డరు బాగుచేసి పెట్టుకున్నాడు. లోపలి రబ్బరు బెల్టు సాగిపోతే సైకిలు ట్యూబు కత్తిరించి వేశాడు, సమానంగా తిరుగుతోంది. చిన్న నల్లటి టీవీ ఒకటి తగిలించాడు. పాటకు వచ్చే ఆడవాళ్లు నలుగురు చేలకు పోకుండా గోడ వారన కూర్చున్నారు.

అట్టముక్క ఆయనే తీశాడు. కింద మీటలు కొత్తవిలా ఉన్నాయి. ప్రోగ్రాము ఆపే మీట నొక్కాను. తెర మీద సుగుణమ్మ రాసిన వరసలు వచ్చాయి. చేతికున్న అలవాటుకి, పనిచేస్తోందో లేదో చూద్దామని నా వేలు ప్రోగ్రామును నడిపే రన్ మీట మీదకి పోయింది. మొదటి వరస చదివి ఆగిపోయాను. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో: రన్ కొట్టొద్దు, గోటూ వంద కొట్టల్ల.

రన్ కొడితే ఆమె వేలితో కొట్టిన దరువుల లెక్కలన్నీ యంత్రం చెరిపేసి మొదటి నుంచి మొదలుపెడుతుంది. గోటూ వంద అంటే ఏదీ చెరపకుండా వందో వరస నుంచి నడుస్తుంది. తెర మీద కనపడేవి ఆజ్ఞలే. ఆ లెక్కలు వెనకాల ఉంటాయి, ఫొటో తీసుకున్నా రావు. పదేళ్ల అనుభవజ్ఞురాలిని, ఇంకో అర సెకనైతే ఆయన రెండేళ్ల కాపలా మట్టిలో కలిపేదాన్ని. చెయ్యి వెనక్కి తీసుకుని చీరకు తుడుచుకున్నాను. నిజంగా భయమేసింది.

ఏముంది అని దానియేలు అడిగాడు. ఆయనకు ఇంగ్లీషు అక్షరాలు రావు. అప్పటి నుంచి ప్రతి వరసా పైకి చదివాను. మధ్యమధ్యలో ఆమె తనకోసం గుర్తులు రాసుకుంది. ఈడ ఆడోళ్ల సప్పట్లు. ఈడ పిల్లోళ్లు తొందరపడ్తారు, నిదానం. గోడ వారన ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. మూడో చరణం చివరకు వచ్చాను, నేను బాగుచేస్తానన్న చోటికి.

"ఈడ ఈయన ఊపిరి తీస్కుంటాడు. రెండు మాత్రలు ఆగల్ల."

చదివేశాక గాని నాకు అర్థం కాలేదు నేనేం చదివానో. దానియేలు ఫ్యాను కొంచెం ఇటు తిప్పాడు, మళ్లీ అటు తిప్పాడు.

"మిల్లులో పట్టిన దుమ్ము గదమ్మా" అన్నాడు. "ఆడికొచ్చేసరికి నాకు అందదు. ఎవురికీ తెలీదనుకుంటి."

నిన్న నేను లోపమన్నది దాన్ని. సిగ్గేసింది, ఆ మాట ఆయనతో అన్నాను కూడా. ఆయన విన్నాడో లేదో.

క్యాసెట్టుకి ఎక్కించడం అయిదు నిమిషాలు. ఈసారి కీచుగోల అందరికీ వినపడేటట్టు పెట్టమన్నాడు. రెండు క్యాసెట్లకీ, నా ఫోనుకీ ఎక్కించాను. ఇంక భయం లేదు, యంత్రం ఆపకుండానే సరిచూడచ్చు అని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. టీవీ బాగుచేస్తే మూడుసార్లు ఆపి మూడుసార్లు వేసి చూపిస్తే గాని తన అంగడి నుంచి బయటికి పోదట. ముప్పై ఏళ్లుగా అదే పద్ధతి. దీనికీ అంతే అన్నాడు. ఆడవాళ్లలో ఒకామె, ఆయనకు మరదలు వరస, "వద్దు బావా" అంది. ఆయన బల్ల కిందికి వంగి బ్యాటరీ తీగ తనే పీకాడు.

కంప్యూటరు మీది ఎర్రదీపం ఆరిపోయింది. మందిరంలో ఫ్యాను చప్పుడు ఒక్కటే.

మళ్లీ వేసి మొదటి క్యాసెట్టు పెట్టాను. అయిదు నిమిషాలయ్యాక తెర మీద తప్పు వచ్చిందని పడింది. ఆయన టేప్ రికార్డరు మూత విప్పి, లోపల టేపును చదివే తలను స్క్రూడ్రైవరుతో కొంచెం వంచి, శబ్దం ఒక గీత పెంచాడు. రెండోసారి పూర్తిగా ఎక్కింది. గోటూ వంద అని నేను కొట్టాను. తాళం మొదలైంది.

ఆయన ఆపాడు. రెండో క్యాసెట్టుతో వేశాడు, వచ్చింది. మళ్లీ ఆపాడు. మూడోసారికి ఎక్కించడం, గోటూ వంద కొట్టడం ఆయన చేతే చేయించాను. ఒక్కొక్క అక్షరం చూపించాను, ఒక్కొక్కటీ నొక్కాడు.

మరదలు అట్టముక్క తీసుకుని బయటికి పోయి పొయ్యి కట్టెల మీద పడేసి వచ్చింది. ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. యంత్రాన్ని అడగాలన్న ఆలోచన నాలో అప్పటికి లేదు, ఎప్పుడు పోయిందో చెప్పలేను. దానియేలు కళ్లు మూసుకుని పాట ఎత్తుకున్నాడు. మొదటి చరణం, ఆడవాళ్ల చప్పట్లు. రెండో చరణం నిదానంగా. మూడో చరణం చివరకొచ్చాడు.

తాళం ఆగింది. ఆయనా ఆగాడు. రెండు మాత్రలు గడిచాయి. ఆయనకు గొంతు రాలేదు. సుగుణమ్మ రెండింటికే లెక్క కట్టింది, యంత్రం అంతే ఆగి, ఆయన లేకుండానే నాలుగో చరణంలోకి పోయింది.